బోర్డు మీద కాకిరెట్ట

ఇలా దగ్గరికి జరుగు గుంటా. ఇంకా దగ్గరికి. ఆ ఫోను బోర్లా పెట్టి రా. ఇది గట్టిగా చెప్పే కథ కాదు, ఇందులో ఆఫీసర్లున్నారు. ఆఫీసర్లున్న కథ చెవిలో చెప్పుకోవాలి. నవ్వు మాత్రం ఎంత గట్టిగా నవ్వినా పరవాలేదు, ఎందుకు నవ్వుతున్నామో వాళ్లకి ఎలాగూ తెలీదు.

సముద్రం ఒడ్డున నీలంపేట అని ఒక ఊరు. ఊరి నిండా జీడితోటలు, తోటల పక్కన జీడిపిక్కల బట్టీలు. కాల్చిన పిక్కల్ని ఆడవాళ్లు వరసగా పీటలేసుకుని కొడతారు. పిక్కలోంచి జీడి కారి వేళ్లు నల్లబడిపోతాయి. సున్నం రాసినా పోదు, కొబ్బరినూనె రాసినా పోదు. పెళ్లిచూపులకి వెళ్లినా, పేరంటానికి వెళ్లినా ఆ వేళ్లు ముందే వెళ్లి మన సంగతి చెప్పేస్తాయి. బంగారి వేళ్లూ అలాంటివే. పూర్తి పేరు బంగారమ్మ. పేరు చూస్తే పసుపు, చేతులు చూస్తే మసి.

ఆ పిల్లకి ఒకటే పట్టుదల. బట్టీ మానెయ్యాలి. మానేసి ఏం చెయ్యాలో చాలాకాలం తెలీలేదు. అప్పుడు ఊళ్లో దండోరా వేశారు. జపాను దేశంలో ముసలివాళ్లు ఎక్కువైపోయారట, చూసేవాళ్లు తక్కువైపోయారట. వాళ్ల అక్షరాలూ, వాళ్ల మర్యాద మాటలూ నేర్చుకుని సర్టిఫికెట్టు తెచ్చుకున్న పిల్లల్ని అక్కడి వృద్ధుల ఇళ్లలో పనికి తీసుకుంటారట. బంగారికి వెంటనే వాళ్ల తాత గుర్తొచ్చాడు. తాత మంచం పట్టిన దగ్గర్నుంచి కన్నుమూసేదాకా స్నానం, గంజి, చొక్కా, తిట్లు, అన్నీ ఆ పిల్లే చూసింది.

"ఈ పని నాకొచ్చే అమ్మా" అంది.

తల్లి ఎర్రమ్మ పిక్క కొట్టడం ఆపలేదు. "పనొస్తాది, భాషొస్తాదా? తెలుగులోనే నీ పేరు నువ్వు రాసుకుంటే ఇంకోలెవరిదో అనుకుంటారు."

"నేర్చుకుంటాను."

"నేర్చుకో. నానొద్దన్లేదు. సర్టిఫికెట్టు రాకపోతే మాత్రం నా పక్కన నీ పీట అలాగే ఉంటాది. వొచ్చి కూకోవాల, మరింక ఒక్క మాట ఆడకూడదు."

"అలాగేలే."

పందెం అదీ. సర్టిఫికెట్టు వస్తే జపాను, రాకపోతే పీట.

ఊరి చివర తుఫాను షెల్టరులో పెట్టారు ఆ శిక్షణ కేంద్రాన్ని. తుఫాను లేనప్పుడు ఆ బిల్డింగు ఖాళీగా ఉంటుంది కదా, ఖాళీగా ఉంటే ప్రభుత్వానికి నిద్ర పట్టదు. దానికి డైరెక్టరు కూర్మారావు గారు. అంతకుముందు చేపల పెంపకం శాఖలో చేశాడు. చేపలు ఎదురు మాట్లాడవు. ఆ హాయి మరిగినవాడు. ఆయనకి జపాను భాష ఒక్క ముక్క రాదు. ఎవరైనా అడిగితే, "పెద్దలు నేర్చుకొనరు, నేర్పింపజేయుదురు" అనేవాడు. పాఠాలు చెప్పడానికి సన్యాసిరావు మాస్టారని ఒకాయన ఉన్నాడు. ఆయనకి భాష వచ్చు, పాపం ఉద్యోగమే ఇంకా పర్మినెంటు కాలేదు.

ప్రారంభోత్సవం నాడు బోర్డు వచ్చింది. బోర్డంతా ఒకే ఒక్క అక్షరం, ఎర్రటి రంగులో, మేకపిల్లంత ఉంది. మర్యాద అనే అర్థం వచ్చే జపాను అక్షరమట. కింద తెలుగులో కూడా రాద్దామని పెయింటరు అంటే డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. "తెలుగు వ్రాసిన ఎడల జపానుతనము పోవును" అన్నాడు. తనే స్టూలెక్కి, తన చేత్తోనే మేకుకి తగిలించాడు. కిందకి దిగి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు నడుముకి పెట్టి, "అద్భుతము!" అన్నాడు.

అద్భుతమే. తలకిందులుగా తగిలించాడు.

సన్యాసిరావు మాస్టారు వేలెత్తాడు. "సార్, అదీ..."

"ఉష్! శుభసమయమున కింది ఉద్యోగి నోరు తెరచుట జపానులో లేదు" అన్నాడు డైరెక్టరు గారు. మాస్టారు వేలు దించేశాడు. చప్పట్లు కొట్టారు. లడ్డూలు పంచారు. లడ్డూ నోట్లో ఉంటే ఎవరు మాత్రం మాట్లాడతారు చెప్పు?

చదువు మొదలైంది. బంగారికి అక్షరాలు పెద్ద కష్టం అనిపించలేదు. ఒకటి అచ్చం చేపల గాలంలా ఉంది. ఇంకొకటి నత్తగుల్ల చుట్టు. పొలం అనే మాట రాయాలంటే నాలుగు మడులు, మధ్యలో గట్లు గీస్తే సరి. ఏరు అంటే మూడు నీటిచారలు. "వీళ్లెవరో మన ఊరొచ్చి చూసుకుని ఎళ్లి రాసుకున్నట్టున్నారే" అనేది పక్కన కూర్చున్న ఢిల్లీశ్వరి. ఆ పిల్లకి నోరు ఊరుకోదు. ఢిల్లీ ఎప్పుడూ చూడలేదు, పేరు మాత్రం పెట్టేశారు.

మర్యాద మాటలు కూడా బంగారికి నచ్చాయి. ఎదుటివాళ్ల పేరు చివర సాన్ అనాలి, మన గారు లాగ. మరీ పెద్దవాళ్లయితే సామా. ఎదుటివాళ్లది ఎప్పుడూ పైకెత్తి చెప్పాలి, మనది కిందకి దించి చెప్పాలి. "మీ ఇల్లు మేడ, మాది గుడిసె అనడమేనమ్మా" అని మాస్టారు చెప్పాడు. "మాది నిజంగా గుడిసేనండి" అంది ఢిల్లీశ్వరి. "అయితే నీకు ఈ పాఠం సగం వచ్చేసినట్టే" అన్నాడాయన.

అక్కడిదాకా బాగానే ఉంది. మర్యాద అంటే మూడు రకాల మాటలున్నాయని డైరెక్టరు గారి చెవిన పడ్డాక వచ్చింది ముప్పు. తోటివాళ్లతో ఒక రకం, పెద్దవాళ్లతో ఒక రకం, మహా పెద్దవాళ్లతో ఇంకో రకం. ఆయన ఆ రాత్రంతా ఆలోచించి తెల్లారేసరికి మూడు మెట్లు కట్టేశాడు. గోడకి నియమాలు అంటించాడు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, విద్యార్థినులు పరస్పరము మొదటి మెట్టు మాటలు, మాస్టారుతో రెండవ మెట్టు మాటలు, డైరెక్టరు గారితో మూడవ మెట్టు మాటలు మాత్రమే ఆడవలెను. సభలో ఎవరికి ఎక్కువ లోతుగా వంగి నమస్కరింపబడునో వారే అచ్చట పెద్ద. సదరు పెద్దతో తగిన మెట్టు మాట రానివారు మౌనము వహించవలెను. ఉల్లంఘించిన ఎడల మర్యాద మార్కులు తీసివేయబడును."

మర్యాద మార్కులు డైరెక్టరు గారి చేతిలో ఉన్నాయి. అవి లేకపోతే సర్టిఫికెట్టు లేదు. సర్టిఫికెట్టు లేకపోతే పీట. బంగారి ఆ నియమాలు చదువుతుంటే వేళ్లు వాటంతటవే దురద పెట్టాయి.

వంగడం కొలవడానికి బడిపిల్లల జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తెప్పించారు. దాన్ని కర్రకి కట్టుకుని మాస్టారు పిల్లల నడుముల పక్కన తిరిగేవాడు, దర్జీ కొలతలు తీసుకున్నట్టు. ఇంకో సంగతి కూడా డైరెక్టరు గారి చెవిన పడింది. జపానులో బడి పిల్లలే బడి ఊడుస్తారట. వెంటనే ఊడ్చే మనిషిని మాన్పించి, "కేంద్రమునందలి సమస్త వస్తువుల శుభ్రత విద్యార్థినుల పవిత్ర బాధ్యత" అని ఇంకో కాగితం అంటించాడు. ఈ కాగితం గుర్తుంచుకో గుంటా, తర్వాత పని పడుతుంది.

ఇన్ని నియమాలున్నాక ఆ బోర్డు తిరగబడిందని ఎవరు చెప్పాలి? పిల్లలకి మూడో మెట్టు రాదు. ఒకరోజు బంగారి మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"మాస్టారూ, ఆ మూడో మెట్టు కూడా నేర్పేయండి. పీడా పోతుంది."

"నేర్పడానికి డైరెక్టరు గారి అనుమతి కావాలమ్మా."

"అడగండి."

"అడగాలంటే మూడో మెట్టులో అడగాలి."

"మీకొచ్చు కదండీ?"

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు పుస్తకం ప్రకారం వచ్చమ్మా. ఆఫీసు ప్రకారం రాదు. నాకొచ్చని రాసిచ్చే కాగితం మీద ఆయనే సంతకం పెట్టాలి. పెట్టమని అడగాలంటే..."

"మూడో మెట్టు" అంది బంగారి.

"చూశావా, తెలివైనదానివి" అన్నాడాయన దిగులుగా.

ఇంక జీపు సంగతి చెప్తాను విను. తుఫాను షెల్టరుకి ఏటవాలు దారి ఉంటుంది, గాలివానొస్తే గొడ్లని కూడా పైకి తోలడానికి. తన జీపు అందరి కంటే ఎత్తులో ఉండాలని డైరెక్టరు గారు ఆ దారి కొసనే నిలిపేవాడు. ఒక పొద్దున్న పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి, తను జీపుకి వీపు పెట్టి నిలబడి, "నమస్కారము!" అన్నాడు. అందరూ వంగారు. వంగినవాళ్లకి ఆయన కాళ్లు కనపడతాయి, కాళ్ల మధ్యలోంచి జీపు చక్రాలు కనపడతాయి. ఆ చక్రాలు మెల్లిగా తిరుగుతున్నాయి.

"ఒలమ్మో, జీపు ఎళ్లిపోతంది" అంది ఢిల్లీశ్వరి, మొదటి మెట్టులో.

"మాస్టారు గారూ, దయచేసి జీపు గారిని చూడండి" అంది బంగారి, రెండో మెట్టులో.

మాస్టారు చూశాడు. చెమటలు పట్టాయి. నోరు తెరిచాడు, మూశాడు. మూడో మెట్టు లేదు కదా. ఏం చెయ్యాలో తెలీక ఇంకాస్త వంగాడు.

జీపు తొందరేం పడలేదు. పెళ్లికూతురు పీటల మీదకి నడిచినట్టు మెల్లిగా దిగి, రోడ్డు దాటింది. అవతల టీ బడ్డీ గవరయ్య చూసి, "ఓరి బాబో! డైరెక్టరు బాబూ! నీ జీపు పోతందిరా నాయనా!" అని ఊరు దద్దరిల్లేలా అరిచాడు.

డైరెక్టరు గారు వెనక్కి తిరగనైనా తిరగలేదు. "ఆ అరుపు ఏ మెట్టుకును చెందదు. పరిగణించబడదు" అన్నాడు.

జీపు వెళ్లి ఉప్పుమడిలో ముక్కు దించుకుని కూర్చుంది.

ఆయనకి తెలిశాక ఏమన్నాడనుకున్నావు? తిట్టాడనుకున్నావా? కళ్లనీళ్లు పెట్టుకున్నాడు గుంటా, ఆనందంతో! "వాహనము కదలిపోవుచున్నను ఒక్క శిరస్సైనా లేచినదా? లేవలేదు! ఇదీ శిక్షణ!" పైవాళ్లకి రిపోర్టు రాశాడట: జీపు నష్టము, క్రమశిక్షణ లాభము అని. పైవాళ్లు మెచ్చుకుని ఇంకో జీపు ఇచ్చారు. దాన్నీ అక్కడే నిలిపాడు.

కొన్నాళ్లకి జపాను నుంచి ఇద్దరు పెద్దమనుషులు కేంద్రం చూసి వెళ్లడానికి వచ్చారు. గుమ్మం దగ్గర ఆగారు. బోర్డు చూశారు. ఏదో చదవాలని తల ఒక పక్కకి వాల్చారు. ఇంకాస్త వాల్చారు. ఒకాయన చెవి భుజానికి తగిలింది. మర్యాదస్తులు కదా, పరాయి ఇంట్లో తప్పెత్తి చూపితే ఇంటాయన చిన్నబుచ్చుకుంటాడని ఒక్క మాట అనలేదు. టీ తాగి, వంగి వంగి దణ్ణాలు పెట్టి వెళ్లిపోయారు.

డైరెక్టరు గారు ఇదంతా కిటికీలోంచి చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి. ఆ సాయంత్రమే సర్క్యులరు వచ్చేసింది.

"జపాను దేశమందలి అత్యున్నత వందనము శిరస్సును భుజముపై వాల్చుట అని ప్రత్యక్ష పరిశీలనలో తేలినది. ఈ రహస్యమును ఇంతవరకు ఏ పుస్తకమునందును వ్రాయకుండుట విచారకరము. కావున నేటి నుండి సమస్త సిబ్బంది, విద్యార్థినులు, సందర్శకులు సదరు వందనమునే ఆచరించవలెను."

మరునాటి నుంచి చూడాలి నీలంపేటని. పిల్లలు తల వాల్చుకుని బడికి, వాల్చుకుని ఇంటికి. కేంద్రంతో పనున్న బట్టీ యజమానులు కూడా మొదలెట్టారు, రేపు జపానుకి జీడిపప్పు అమ్ముకోవచ్చని. వాళ్లని చూసి షావుకార్లు. తాసీల్దారు గారు ఒకసారి వస్తే జనమంతా మెడలు వాల్చి నిలబడ్డారు. ఆయన కాసేపు కంగారుపడి, ఇదేదో కొత్త జీవో, నాకింకా అందలేదు కాబోలనుకుని తనూ వాల్చేశాడు. బస్సు కండక్టరు పాపం, అందరూ నిద్రపోతున్నారనుకుని ఊరి స్టాపులో ఒక్కొక్కర్నీ తట్టి లేపేవాడు. ఊళ్లో తైలం దొరికితే ఒట్టు. మెడలు సరిచేసే మంగలి ఇంటి ముందు తిరణాల.

"ఏటే, మెడ పట్టేసిందా?" అంది ఎర్రమ్మ కూతుర్ని చూసి.

"కాదమ్మా. దణ్ణం."

"ఇదేం దణ్ణమే, కోడి కునుకు తీసినట్టు!"

"మర్యాద మార్కులున్నాయే దీనికి."

ఎర్రమ్మ కూతురి మొహం కేసి చూసింది. ఆ పక్కనే గోడకి ఆనించి ఉన్న ఖాళీ పీట కేసి చూసింది. తైలం తెచ్చి మెడకి రాసింది.

ఆఖరికి పిల్లల్ని ఎంచుకునే రోజు రానే వచ్చింది. వృద్ధుల ఇళ్లన్నిటికీ పెద్దావిడ హరునో గారు స్వయంగా వచ్చింది. ముగ్గుబుట్టలాంటి తల, సన్నటి మనిషి, తనే ఎనభైకి దగ్గరగా ఉంటుంది. వెంట దుబాసీగా ఒక తెలుగమ్మాయి. కారు దిగీ దిగడంతోనే ఆవిడకి బోర్డు కనపడింది. అలవాటుకొద్దీ చదవబోయింది. తల వాల్చింది.

అంతే. డైరెక్టరు గారు వాల్చేశాడు. మాస్టారు, పిల్లలు, తాసీల్దారు, బట్టీ యజమానులు, పూలదండలు పట్టుకున్నవాళ్లు, అందరూ ఒక్కసారిగా టపటపా వాల్చేశారు. గాలికి సరుగుడు తోట ఒరిగినట్టు.

ఆవిడ చూసింది. ఇది ఈ ఊరి ఆచారం కాబోలు, అతిథిగా నేను ముందు తల ఎత్తితే బాగుండదు అనుకుంది. ఈ మాట తర్వాత దుబాసీ అమ్మాయే చెప్పింది. వీళ్లేమో ఆవిడ ఎత్తకుండా మేమెలా ఎత్తుతాం అనుకున్నారు. మర్యాద చేసేవాళ్లు రెండు పక్కలా ఉంటే ఇంక ఆపేదెవరు? ఎండ నెత్తికెక్కుతోంది. దండల్లో పూలు వాడిపోతున్నాయి. ఆవిడ కుడి పక్క అలిసిపోయి ఎడం పక్కకి వాల్చింది. ఇటువాళ్లంతా ఎడం పక్కకి మారారు.

"అహా! రెండవ భాగము కూడా ఉన్నది!" అన్నాడు డైరెక్టరు గారు మెడ వంకరలోంచే.

బంగారి మాత్రం ఆవిడ చేతిని చూసింది. ఆవిడ చెయ్యి మెల్లిగా పైకి వెళ్లి మెడ నరం పట్టుకుంది. అచ్చం తాత మంచం మీద నుంచి లేవబోయి నడుం పట్టుకున్నట్టు.

ఇక్కడ నీకు తాత సంగతి చెప్పాలి. ఆయన పడవల కళాసీలకి మేస్త్రీగా చేసినవాడు. ఒకరు మాటంటే పడేవాడు కాదు. ముసలితనంలో చూపు ఆనక రోజూ చొక్కా తిరగేసి తొడుక్కునేవాడు, కుట్లన్నీ పైకి కనపడేలా. "నాన్నా, చొక్కా తిరగబడింది" అని ఎర్రమ్మ అందా, గ్లాసు గోడకి తగిలేది. ఆ పూట అన్నం తినేవాడు కాదు. బంగారి అలా అనేది కాదు. "తాతా, చొక్కా మీద పప్పు మరక పడింది, ఇలా ఇయ్యి, ఉతికేస్తాను" అనేది. మరకుందా లేదా ఆయనకి కనపడదు. ఇచ్చేసేవాడు. ఉతికినది తెచ్చి, సరిగ్గా తొడిగి, గుండీలు పెట్టేది. ఆయన దర్జాగా అన్నం తినేవాడు.

బంగారి పక్కకి తిరిగి, "ఢిల్లీ, నిచ్చెన పట్టు" అంది.

"ఎందుకే? మార్కులు పోతాయే!"

"బోర్డు మీద కాకిరెట్ట పడింది. కడగాల. శుభ్రత మన పవిత్ర బాధ్యత. గోడ మీద రాసుంది."

ఢిల్లీశ్వరి వాల్చిన తలతోనే పైకి చూసింది. "నిజంగా పడిందేటి?"

"సముద్రం ఒడ్డున కాకిరెట్ట పడని బోర్డుంటాదా? పట్టు."

ఇద్దరూ నిచ్చెన తెచ్చారు, బోర్డు దించారు, బకెట్టు నీళ్లతో కడిగారు, కొంగుతో తుడిచారు. మళ్లీ తగిలించారు. తగిలించేటప్పుడు పైది కిందకి, కిందది పైకి మార్చారు. ఒక్క మాట ఆడలేదు. ఏ మెట్టూ తొక్కలేదు.

హరునో గారి తల మెల్లిగా నిటారుగా లేచింది. అక్షరం చదివింది. చేత్తో నోరు మూసుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆవిడ తలెత్తడం చూసి అందరూ ఎత్తారు. ఎముకలు టకటకమన్న చప్పుడు బట్టీలో పిక్కలు కొట్టినట్టు వినపడింది. డైరెక్టరు గారు కూడా మెడ సవరించుకుని, వెనక్కి తిరిగి బోర్డు చూశాడు.

ఇన్నాళ్లూ ఆయన ఆ బోర్డుని ఒకే తీరున చూశాడు కదా. ఆ తీరే ఖాయమైపోయింది.

"ఎవరు?" అని గావుకేక పెట్టాడు. "మన బోర్డును తలకిందులు చేసినది ఎవరు?"

అందరూ మౌనం వహించారు. నియమం ప్రకారం కూడా అదే కదా. తడి కొంగుతో బంగారి ఒక్కతే నిచ్చెన పక్కన దొరికిపోయింది.

"నీవా! అంతర్జాతీయ అతిథుల సమక్షమున సంస్థ పరువును తలకిందులు చేసితివి! మర్యాద మార్కులు సున్న! సర్టిఫికెట్టు రద్దు! పోయి బట్టీలో పిక్కలు కొట్టుకొనుము!"

బంగారికి కళ్ల ముందు పీట కనపడింది. చేతులు వెనక్కి దాచుకుంది.

హరునో గారు దుబాసీ అమ్మాయిని ఏదో అడిగింది. ఆ అమ్మాయి బంగారి వైపు తిరిగింది. "బోర్డు మీద నాకు మురికేం కనపడలేదే, ఎందుకు కడిగావు అని అడుగుతున్నారండి."

బంగారి ఒకసారి డైరెక్టరు గారి మొహం చూసింది. ఆయన బోర్డు తప్పుగా పెట్టాడని ఇప్పుడైనా చెప్పేయొచ్చు. చెప్పలేదు. తనకొచ్చిన రెండో మెట్టు మాటల్లో, రాని చోట చేతులతో, అప్పటికీ రాకపోతే తెలుగులో, తాత చొక్కా సంగతి చెప్పింది. పప్పు మరక అన్న చోట ఢిల్లీశ్వరి తన కొంగు పట్టుకుని చూపించింది కూడా. దుబాసీ అమ్మాయి మిగిలింది అందించింది.

ఆవిడ విన్నది. బంగారి దగ్గరికి వచ్చింది. దాచుకున్న చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఆ నల్లటి వేళ్లు చూసింది, వదిలింది. రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు మోకాళ్ల మీదకి జార్చి, వంగింది. ఎంత వంగిందంటే, ముగ్గుబుట్ట తల నడుం కంటే కిందకి వచ్చింది. అలాగే ఉండిపోయింది. అంత పెద్దావిడ ఒక బట్టీ పిల్లకి!

సన్యాసిరావు మాస్టారికి అప్పుడు ప్రాణం లేచొచ్చింది. కోణమానిని కట్టిన కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చి, కళ్లద్దాలు సర్దుకుని కొలిచాడు. కేంద్రం పెట్టాక అంత లోతు ఎవరూ ఎవరికీ వంగలేదు, డైరెక్టరు గారికి సైతం. ఈ సంగతి డైరెక్టరుకి చెప్పడానికి ఆయనకి మెట్టు లేదు. బంగారికి చెబుదామంటే ఇప్పుడు ఆ పిల్లతో మాట్లాడే మెట్టూ లేదు. అందుకని, "ఢిల్లీశ్వరీ, ఆ గోడ మీద నియమం పైకి చదువమ్మా" అన్నాడు.

ఢిల్లీశ్వరి గొంతు సవరించుకుంది. ఆ పిల్లకి ఇలాంటి పని చెప్పాలా? టీ బడ్డీ దాకా వినపడేలా చదివింది. "సభలో ఎవరికి ఎక్కువ లోతుగా వంగి నమస్కరింపబడునో వారే అచ్చట పెద్ద! సదరు పెద్దతో తగిన మెట్టు మాట రానివారు మౌనము వహించవలెను!"

తాసీల్దారు ముందు వంగాడు. ఆయనకి నియమాలంటే భయం. తర్వాత బట్టీ యజమానులు. ఆ బట్టీ యజమానుల్లో బంగారి వేళ్లు నల్లబడ్డ బట్టీ ఆయన కూడా ఉన్నాడు.

డైరెక్టరు గారు నోరు తెరిచాడు. మూశాడు. తెరిచాడు. మూశాడు. చేపల శాఖలో ఎన్నేళ్లు చేశాడో అప్పుడు తెలిసింది జనానికి. తన నియమం తనే దాటితే మర్యాద మార్కులు పోతాయి, మూడో మెట్టు మాట ఒక్కటీ రాదు, నేర్చుకోలేదు కదా. రద్దు అందామన్నా రద్దుకి మూడో మెట్టులో ఏమంటారో తెలీదు. కాసేపు గిలగిల్లాడి, తనూ నడుం వంచాడు. అలా వంగున్నవాడి ముందుకి మాస్టారు సర్టిఫికెట్టు జరిపాడు. మాట్లాడకుండా సంతకం పెట్టేశాడు. ఆ వూపులోనే మిగతా పిల్లల కాగితాల మీదా పెట్టేశాడు.

గవరయ్య రోడ్డవతల నుంచి, "డైరెక్టరు బాబూ! నీ కొత్త జీపు కూడా పోతందిరా!" అని అరిచాడు. ఈసారి కూడా ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. వంగున్నారు కదా.

ఆ సాయంత్రం బంగారి ఇంటికెళ్లి సర్టిఫికెట్టు తల్లి ఒళ్లో పెట్టింది. ఎర్రమ్మకి చదువు రాదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇది ఏ పక్క పైకే?" అంది. బంగారి నవ్వబోయి ఏడ్చేసింది. ఎర్రమ్మ గోడకున్న ఆ పీట తీసి పొయ్యిలో పెట్టింది. ఆ పూట అన్నం దాని మీదే ఉడికింది.

బంగారి జపాను వెళ్లిపోయింది. ఢిల్లీశ్వరీ వెళ్లింది. అక్కడ మంచు కురిసేచోట, ఒక ముసలాయన రోజూ స్వెట్టరు తిరగేసి వేసుకుంటాడట. ఆయన స్వెట్టరు మీద రోజూ చారు మరక పడుతోందట.

మరి బోర్డేమైంది అంటావా? డైరెక్టరు గారు ఊరుకుంటాడా! "బోర్డులను వారమునకొకమారు తప్పనిసరిగా కడగవలెను" అని సర్క్యులరు వేశాడు. కడిగినప్పుడల్లా తిరగేసి తగిలించడం కూడా అందులో భాగమే అనుకుంటున్నారు కొత్తగా వచ్చిన పిల్లలు. అంచేత ఒక వారం సరిగ్గా ఉంటుంది, ఒక వారం తలకిందులుగా ఉంటుంది. నీలంపేట జనం కూడా ఒక వారం నిటారుగా, ఒక వారం మెడ వాల్చుకుని తిరుగుతారు. అలవాటైపోయింది.

ఇంక లే గుంటా, చెవి నొప్పెడుతుంది. ఈ కథ మర్చిపోకు. రేపు నీ పిల్లలకో, నీ తోటివాళ్లకో ఇలాగే దగ్గరికి పిలిచి చెప్పు. చెప్పేటప్పుడు మెడ వాల్చాల్సిన చోట వాల్చి చెప్పు, లేకపోతే కథ నడవదు. ఎక్కడైనా నేను తప్పు చెప్పాననిపిస్తే, అప్పుడు మాత్రం నన్నేమీ అనకు. నా కొంగు మీద ఏదో మరక పడిందని చెప్పు, ఇచ్చేస్తాను.